మీరు అడిగారు, మేం చెప్తున్నాం: వేప్ షాపు మొహం చూడనోళ్లకి

ప్రశ్న: అన్నా నమస్తే, మాది నెల్లూరు. వచ్చే నెల మాస్టర్స్‌కి యూకే పోతున్నా, కోవెంట్రీ. విషయం ఏందంటే నేను రోజుకి ఎనిమిది పది సిగరెట్లు కాలుస్తా, ఇంట్లో తెలీదు, తెలిస్తే మా నాయన టికెట్ చింపేస్తాడు. అక్కడ ఇరవై సిగరెట్ల ప్యాకెట్ పదిహేను పౌండ్ల పైమాటే అని విన్నప్పటి నుంచి నిద్ర పట్టడంలా. ముందే పోయిన మా సీనియర్ ఒకడు ‘వేప్‌కి మారిపో రా, మన రూము పక్కనే షాపుంది’ అంటాడు. వాడు చెప్పే పాడ్, కాయిల్, సాల్ట్ ఒక్కటీ నాకు అర్థం కాలా. షాపుకి పోయి తెల్లమొహం వేసుకుని నిలబడితే ఏదో ఒకటి అంటగట్టి పంపిస్తారేమో అని భయం. పోయే ముందు నెల్లూర్లోనే చూసి నేర్చుకుందామంటే షాపు యాడుందో తెలీలా. కాస్త వివరంగా చెప్పన్నా.

జవాబు: నెల్లూర్లో వెతకబాకు తమ్ముడూ. వేప్ అంటే కరెంటు సిగరెట్, నికోటిన్ కలిపిన జ్యూస్‌ని బ్యాటరీతో వేడిచేసి ఆ ఆవిరి పీల్చేది. మన దేశంలో చట్టం ప్రకారం వేప్ షాపు అనేదే ఉండదు, 2019 నుంచి మొత్తం బ్యాన్, ఆ సంగతి కింద కావలి తమ్ముడికి విడిగా చెప్పా, చదువుకో. నీకు కావాల్సిన పాఠం కోవెంట్రీలో షాపు గుమ్మం దగ్గరే మొదలవుద్ది.

ఇంకోటి, ఇదంతా నీకు రాస్తున్నా అంటే నువ్వు ఆల్రెడీ రోజూ కాల్చే మనిషివి కాబట్టి. అలవాటే లేకుండా, ఫ్లేవర్ బాగుంటదంట ఒకసారి చూద్దాం అనేవాళ్లు ఈ పేజీ తిప్పేసి వంటల పేజీకి పోవచ్చు. అక్కడి గవర్నమెంట్ ఆస్పత్రుల వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ కూడా అదే అంటది, పొగ తాగేవాళ్లు మానడానికి వేప్ పనికొస్తది, తాగనోళ్లు దాని జోలికి పోవద్దు అని. పొగాకు కాలితే వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు, కాలేది ఏమీ లేదు కాబట్టి. అందుకని సిగరెట్ కంటే నష్టం తక్కువ అంటారు, అంతేగానీ నష్టమే లేదని ఎవరూ అనలా. నికోటిన్ యాడికీ పోదు, దాని పట్టు అట్టాగే ఉంటది.

సరే, షాపు. పోయేటప్పుడు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకో. 18 నిండనోళ్లకి అమ్మితే షాపువాడి మీద కేసు, అందుకని పాతికేళ్ల లోపు మొహంలాగా కనిపిస్తే చాలు ఐడీ అడుగుతారు. మన పిల్లలు గడ్డం పెంచినా అక్కడోళ్ల కళ్లకి చిన్నోళ్లే. ఫోన్లో ఫొటో చూపిస్తానంటే చాలా చోట్ల ఒప్పుకోరు. కుదురుకున్నాక ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తెప్పించుకుంటే పాస్‌పోర్ట్ మోసుకు తిరిగే బాధ తప్పుద్ది, పోగొట్టుకుంటే అదో పెద్ద కథ.

లోపలికి పోంగానే ఒక గోడ గోడంతా రంగురంగుల జ్యూస్ సీసాలు, అద్దాల కౌంటర్ కింద వరసగా డివైజ్‌లు, కొత్తోళ్లు అక్కడే ఆగిపోతారు. నువ్వు గోడ వైపు పోబాకు. తిన్నగా కౌంటర్ దగ్గరికి పోయి ‘రోజుకి పది సిగరెట్లు కాలుస్తా, వేప్ ఎప్పుడూ వాడలా, సిగరెట్ మానేద్దామని వచ్చా’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్లకి కావాల్సిందంతా అందులోనే ఉంది, రోజూ ఇట్టాంటోళ్లు పదిమంది వస్తారు, ఎవరూ నవ్వరు. మనోళ్లతో వచ్చిన తిప్పలేందంటే సిగరెట్ల లెక్క ఎవరడిగినా సగానికి సగం కోసి చెప్తాం, డాక్టర్ అడిగినా అంతే, ఇంట్లో దొరికిపోయినా ‘ఎప్పుడన్నా ఒకటి’ అంటాం. వేప్ షాపులో అట్టా చెప్తే దెబ్బ పడేది నీకే. రెండు మూడు అన్నావనుకో, తక్కువ నికోటిన్ జ్యూస్ చేతిలో పెడతాడు, అది నీకు ఆనదు, సాయంత్రానికి దాన్ని టేబుల్ మీద పడేసి మళ్లీ సిగరెట్ ప్యాకెట్ కొనుక్కొస్తావ్, డబ్బులు రెండు వైపులా పోతాయి. పొద్దున లేచినాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగిస్తావో అది కూడా చెప్పు. లేచిన అరగంట లోపే అయితే నీ అలవాటు గట్టిదే అని లెక్క.

అప్పుడు వాడు ‘మౌత్ టు లంగ్ కావాలా, డైరెక్ట్ లంగ్ కావాలా’ అంటాడు. కంగారుపడబాకు. సిగరెట్ పీల్చేటప్పుడు పొగ ముందు నోట్లోకి లాగి తర్వాత లోపలికి తీసుకుంటాం కదా, అదే మౌత్ టు లంగ్. ఒకేసారి ఊపిరితిత్తుల్లోకి లాగేస్తే డైరెక్ట్ లంగ్, దానికి డివైజ్ పెద్దది, బ్యాటరీ పెద్దది, రూమంతా కమ్ముకునేంత ఆవిరి, రీల్స్‌లో షో చేసేవాళ్లంతా ఈ బ్యాచే. నీకు మొదటిది చాలు. కాయిల్ మీద ఓమ్స్ అని ఒక అంకె ఉంటది, 1 ఓమ్ దగ్గర్లో గానీ ఆపైన గానీ ఉన్నవి సిగరెట్ పీల్పుకి, అంతకంటే బాగా తక్కువున్నవి ఆవిరి బ్యాచ్‌కి. అది ఒక్కటి చూసుకో.

కొనాల్సింది రీఫిల్ చేసుకునే పాడ్ కిట్. ఇట్టాంటివి పదిహేను పాతిక పౌండ్ల మధ్య మంచివే దొరుకుతాయి, చాలా వాటికి బటన్ కూడా ఉండదు, పీలిస్తే అదే ఆన్ అవుద్ది. లోపల ఉండేది ఇంతే, ఒక బ్యాటరీ, దూది చుట్టిన చిన్న తీగ, దాన్నే కాయిల్ అంటారు, జ్యూస్ పోసే డబ్బా, దాన్నే పాడ్ అంటారు. తీగ వేడెక్కి దూదిలో ఉన్న జ్యూస్‌ని ఆవిరి చేస్తది. వాడి పారేసే డిస్పోజబుల్ వేప్‌లు యూకేలో 2025 జూన్ 1 నుంచి బ్యాన్ అయినాయి. ఏ కార్నర్ షాపువాడన్నా కౌంటర్ కింద నుంచి తీసి చీప్‌గా ఇస్తానంటే ఆ కొట్టుకి మళ్లీ పోబాకు. అక్కడి రూల్స్ ప్రకారం నికోటిన్ ఉన్న జ్యూస్ సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, పాడ్‌లో 2 మిల్లీలీటర్లకి మించి పట్టకూడదు, నికోటిన్ మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. నికోటిన్ 50 మిల్లీగ్రాములు అని రాసున్న సీసా నీ కంటపడిందంటే అది దొంగ సరుకు, మూత వాసన కూడా చూడబాకు.

జ్యూస్ దగ్గర బుర్ర వేడెక్కుద్ది గానీ నీకు కావాల్సింది కొంచెమే. పీజీ అని పల్చటి ద్రవం, వీజీ అని చిక్కటి ద్రవం, రెండూ కలిపి, దాంట్లో ఫ్లేవర్, నికోటిన్. చిన్న పాడ్‌కి సగం సగం ఉన్నదే అడుగు. చిక్కటిది పోస్తే దూది పీల్చుకోలేక మాడుద్ది. నికోటిన్‌లో మళ్లీ రెండు రకాలు, మామూలుది గొంతు పట్టుకుంటది, సాల్ట్ అనేది అంత గీరుకోదు, కొత్తోళ్లకి సాల్ట్ ఇస్తారు. రోజుకి పది కాల్చేవాడిని 10 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టించడం మామూలే, చాలకపోతే అప్పుడు పైకి పోవచ్చు. పక్కనే పెద్ద సీసాలు కనిపిస్తాయి, 50 మిల్లీలీటర్లు, చూస్తే చవక. వాటిల్లో నికోటిన్ ఉండదు, నికోటిన్ షాట్ అని 10 మిల్లీలీటర్ల చిన్న సీసా, మిల్లీలీటర్‌కి 18 మిల్లీగ్రాములది, విడిగా కొని కలుపుకోవాల, కలిపితే మిల్లీలీటర్‌కి 3 మిల్లీగ్రాములు తేలుద్ది. అది ఆవిరి బ్యాచ్ సరుకు, రేటు చూసి ఆశపడితే నీకు వట్టి తీపి నీళ్లే. ఫ్లేవర్ నీ ఇష్టం. పొగాకు ఫ్లేవర్ అని ఉంటది గానీ సిగరెట్ రుచి వస్తదని ఆశపడి కొన్న ప్రతివాడూ తిట్టుకుంటాడు. మింట్ ఒకటి, పండుది ఒకటి చిన్న సీసాలు తీసుకో. బాగా తియ్యటివి కాయిల్‌ని తొందరగా నల్లగా చేసేస్తాయి. రేటు మూడు నుంచి అయిదు పౌండ్లు ఉంటది, కాకపోతే 2026 అక్టోబరు 1 నుంచి ప్రతి 10 మిల్లీలీటర్లకి 2.20 పౌండ్ల పన్ను అని అక్కడి గవర్నమెంట్ పెట్టింది, ఆ లెక్క కూడా కలుపుకో.

ఇప్పుడు అసలు పాయింట్, సగం మంది మొదటిరోజే వేప్‌ని తిట్టి పారేసేది ఇక్కడే. కొత్త పాడ్‌లో జ్యూస్ పోసి వెంటనే నోట్లో పెట్టుకోబాకు. నూనె తాగని ఒత్తిని వెలిగిస్తే ఒత్తే కాలుద్ది కదా, ఇదీ అంతే, దూది తడవకముందే వేడి పుట్టిస్తే మాడిపోద్ది. ఒకసారి మాడిన దూదిలో ఎంత జ్యూస్ పోసినా ఆ మాడు వాసన పోదు, కాయిల్ మార్చాల్సిందే. పోసినాక ఒక పది నిమిషాలు అట్టా నిలబెట్టి వదిలెయ్, ఈలోపు టీ పెట్టుకో. తర్వాత కూడా సిగరెట్‌ని గుంజినట్టు గట్టిగా గుంజకూడదు, అట్టా గుంజితే జ్యూస్ గొంతులోకి వచ్చుద్ది, చేదు విషంలాగా ఉంటది. మెల్లగా, మూడు నాలుగు సెకన్లు, మధ్యలో గ్యాప్ ఇచ్చుకుంటా. మొదటి రెండు మూడు రోజులు దగ్గు రావడం మామూలే. తల తిరిగినా, వికారం పెట్టినా, ఎక్కిళ్లొచ్చినా నికోటిన్ ఎక్కువైందని అర్థం, పక్కన పెట్టి నీళ్లు తాగు. సిగరెట్ అయితే చివరి దాకా కాలిపోయి అదే ఆగుద్ది, దీనికి ఆగడం అంటూ ఉండదు, చేతిలో ఉన్నంతసేపు పీలుస్తానే ఉంటాం, అది తెలిసి వాడుకో. జ్యూస్ వేలికి అంటితే సబ్బుతో కడుక్కో, నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి పోద్ది. కాయిల్ ఒక వారం రెండు వారాలు వస్తది, రుచి మారిందంటే మార్చెయ్. ఛార్జింగ్ రాత్రంతా పెట్టి పండుకోబాకు.

రూములో మాత్రం వాడబాకు. స్టూడెంట్ హాస్టళ్లలో పొగ అలారాలకి ఆవిరికీ పొగకీ తేడా తెలీదు, అర్ధరాత్రి బిల్డింగ్ మొత్తం చలిలో రోడ్డు మీదకి వచ్చి నిలబడితే నీ పేరు ఏడాదంతా మోగుద్ది.

డబ్బులు పెట్టే ముందు ఇంకో పని చెయ్. వీసాతో పాటు ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడానికి హెల్త్ సర్‌చార్జి అని ఏడాదికి 776 పౌండ్లు కట్టుంటావ్ కదా, దాన్ని ఊరికే పోనీయబాకు. అక్కడ ప్రతి ఏరియాకీ స్టాప్ స్మోకింగ్ సర్వీస్ అని ఉంటది, జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర గానీ మందుల షాపులో గానీ అడిగితే చెప్తారు, మనిషిని పెట్టి వారం వారం మాట్లాడతారు, కొన్ని ఏరియాల్లో మొదటి వేప్ కిట్ ఊరికే ఇస్తారు. ముందు అక్కడ అడిగి, తర్వాత షాపుకి పో. నికోటిన్ కూడా కొన్ని నెలల్లో 10 నుంచి 6కి, 3కి దించుకుంటా రావాల. సిగరెట్, వేప్ రెండూ జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు అక్కడ బోలెడుమంది, దానికంటే దండగ పని లేదు.

సెలవులకి వచ్చేటప్పుడు అది అక్కడే వదిలేసి రా. ఇండియాలోకి తేవడం దిగుమతి కిందకి వస్తది, అది నేరం. మధ్యలో ఖతార్, సింగపూర్ లాంటి చోట్ల కూడా నిషేధమే.

ప్రశ్న: మాది కావలి. బ్యాన్ బ్యాన్ అంటారు గానీ ఇన్‌స్టాలో మెసేజ్ పెడితే బైక్ మీద తెచ్చి ఇచ్చిపోతున్నాడు బ్రో, రెండు వేలు, డబ్బా కూడా సీల్‌తోనే ఉంటది. సిగరెట్లు రోడ్డు మీద దొరుకుతుంటే దీన్ని బ్యాన్ చెయ్యడం ఏంది? దొరికితే ఏమవుద్ది?

జవాబు: సిగరెట్ వదిలేసి దీన్ని ఎందుకు పట్టుకున్నారు అనేది నువ్వొక్కడివే కాదు, చాలామంది అడిగారు, అందులో న్యాయం లేకపోలేదు. గవర్నమెంట్ చెప్పిన కారణం కుర్రోళ్లు, అలవాటు లేని పిల్లలు ఫ్లేవర్ల మోజులో దీనికి ఎక్కుతారని. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ తెచ్చారు, అదే ఏడాది డిసెంబరులో చట్టం అయింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, అడ్వర్టైజ్‌మెంటు అన్నీ అందులోకి వస్తాయి, ఆన్‌లైన్ అమ్మకం కూడా. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు గానీ లక్ష దాకా ఫైన్ గానీ రెండూ గానీ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా ఫైన్. నిల్వ పెడితే ఆరు నెలల దాకా గానీ 50 వేల దాకా గానీ రెండూ గానీ. ‘నేను అమ్మడంలా, ఫ్రెండ్స్‌కి నాలుగు తెచ్చి పెట్టా అంతే’ అనే మాట ఎస్‌ఐ ముందు నిలబడదు.

కానీ నాకు చట్టం కంటే నీ చేతికొచ్చిన ఆ డబ్బా భయం. పైన నెల్లూరు తమ్ముడికి చెప్పానే, సీసాకి ఇంత, నికోటిన్‌కి ఇంత అని, ఆ కొలత నీ బైక్‌వాడికి ఎవరు పెట్టారు? డబ్బా మీద 20 అని ఉంటే లోపల 20 ఉందని నీకు ఎవరు చెప్పాల? సీల్ ఎవడైనా వేస్తాడు, ప్రెస్‌లో ప్రింట్ కొట్టించడం ఎంత పని. 2019లో అమెరికాలో ఇట్టాంటి అడ్డదారి కార్ట్రిడ్జ్‌లు పీల్చి ఊపిరితిత్తులు పాడై 2800 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది పోయారు. ఎక్కువ మంది వాడింది గంజాయి నుంచి తీసే టీహెచ్‌సీ నూనె ఉన్నవి, ఆ నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణం అని తేలింది. షాపులో కొంటే మాడినా కారినా పోయి కౌంటర్ మీద పెట్టి అడగొచ్చు. బైక్‌వాడు రేపు నిన్ను బ్లాక్ చేస్తే ఎవరిని అడుగుతావ్? మానేద్దామని ఉంటే కింద పొదిలి ఆయనకి రాసింది చదువు, మోజు కోసమైతే రెండు వేలకి మైపాడు బీచ్‌కి నలుగురిని తీసుకుపోయి చేపల పులుసు తినిరావచ్చు.

ప్రశ్న: అయ్యా, మేము ఒంగోలు. మా అబ్బాయి లండన్ నుంచి సెలవులకి వచ్చుండాడు. బట్టలు మిషన్లో వేద్దామని జీన్స్ జేబులు చూస్తే పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి దొరికింది, మామిడిపండు వాసన వస్తోంది. మా మనవరాలు, కూతురి బిడ్డ, రెండేళ్లది, ఇంట్లోనే ఉంటది. ఇది ఏదో మత్తు పదార్థం అని మా ఆయన గోల. వాడిని అడగాలంటే భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీరు జేబులు చూసి మంచి పని చేశారు. అందులో లిథియం బ్యాటరీ ఉంటది, మిషన్లో పడుంటే మిషన్‌కీ మంచిది కాదు, ఇంటికీ మంచిది కాదు. వాసన, ఆకారం చూస్తే అది వేప్ అయ్యుంటది, సిగరెట్‌కి బదులు వాడేది. మామూలుగా అందులో ఉండేది నికోటినే, గంజాయి అనుకుని సార్‌ని గోల చెయ్యొద్దని చెప్పండి.

ముందు మనవరాలి సంగతి చూడండి, అబ్బాయి సంగతి తర్వాత. ఆ జ్యూస్ పండు వాసన వస్తది, పిల్లలు నోట్లో పెట్టేసుకుంటారు, రెండేళ్ల బిడ్డకి కొంచెం పోయినా ప్రమాదం. ఇంట్లో ఇంకా చిన్న సీసాలు ఉన్నాయేమో బ్యాగుల్లో చూడమని వాడితోనే చెప్పి, బీరువాలో పైన పెట్టి తాళం వేయించండి. ఎప్పుడన్నా పాప నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వచ్చినా, వాంతి చేసుకున్నా, చొంగ కారినా, మగతగా ఉన్నా ఇంట్లో చిట్కాలు చెయ్యబాకండి, బలవంతాన వాంతి చేయించబాకండి, 108కి ఫోన్ చేసి ఆ సీసా కూడా వెంట తీసుకుపోండి.

ఇక అబ్బాయి. నలుగురి ముందు, ముఖ్యంగా వాళ్ల నాన్న ముందు అడగొద్దు. ఒక్కడే ఉన్నప్పుడు అది చేతిలో పెట్టి ‘నీ జేబులో ఉండింది నాన్నా’ అనండి చాలు, మిగిలింది వాడే చెప్తాడు. ముందు సిగరెట్లు కాల్చేవాడా, అవి మానడానికి ఇది పట్టుకున్నాడా, లేకపోతే నేరుగా దీంతోనే మొదలుపెట్టాడా, అది కనుక్కోండి. మానడానికే అయితే తిట్టి చేతిలోది లాగేసుకుంటే సాయంత్రానికి బడ్డీకొట్టు దగ్గర సిగరెట్‌తో కనపడతాడు, అక్కడే తేలుద్ది. కాకపోతే ఇండియాలోకి తేవడం మాత్రం చట్టరీత్యా తప్పే, ఆ ముక్క వాడికి గట్టిగా చెప్పండి. ఇక్కడున్న రోజుల్లో నికోటిన్ గమ్‌తో సరిపెట్టుకోవచ్చు.

ప్రశ్న: కొండపి నుంచి రాస్తుండా. ముప్పై ఏళ్లుగా పొగాకు వేస్తున్నాం, బ్యారన్ ఉంది. ఈ కరెంటు సిగరెట్లు వస్తే ఆకు కొనేవాళ్లు ఉండరని మా వేలం కేంద్రం దగ్గర మాట్లాడుకుంటున్నారు. నిజమేనా? మా వాడు అంటాడు దాంట్లో ఉండేది కూడా మన పొగాకే అని.

జవాబు: బాబాయ్, మీవాడు సగం కరెక్టు. వేప్ జ్యూస్‌లో ఆకు ఉండదు, కానీ అందులో కలిపే నికోటిన్ ఎక్కువగా పొగాకు నుంచి తీసిందే, ఫ్యాక్టరీలో విడిగా తయారు చేసేది కూడా ఉందనుకోండి. మీరు పండించే వర్జీనియా ఆకు పోయేది మాత్రం సిగరెట్లలోకి, రంగు, వాసన చూసి గ్రేడు వేసేది అందుకే కదా. మన దేశంలో వేప్ అమ్మకమే లేదు కాబట్టి ఇక్కడి నుంచి మీకు పోటీ లేదు. విదేశాల్లో సిగరెట్ తగ్గితే ఎగుమతుల మీద పడుద్ది, అది ఒక్క ఏడాదిలో జరిగేది కాదు. ఈ ఏడు బేలుకి రేటు పెరిగిందా పడిందా అంటే బ్రెజిల్, జింబాబ్వేలో పంట ఎట్టా ఉందో, గుంటూరు పొగాకు బోర్డు ఎంత పంటకి పర్మిషన్ ఇచ్చిందో, మనోళ్లు దాన్ని దాటి ఎంత వేశారో, అవి చూసుకోవాల ముందు.

నికోటిన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా, వేప్ కంటే మీకు ఇది దగ్గరి సంగతి. మంచు తడి ఆరకముందే ఆకు కోతకి దిగిన కూలోళ్లకి కడుపులో తిప్పడం, వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం మీరు చూసే ఉంటారు, ఎండ దెబ్బ అనో పైత్యం అనో సోడా తాగించి పండబెడతారు. అది ఆకు మీది తడిలో కరిగిన నికోటిన్ చేతుల్లోంచి ఒంట్లోకి పోవడం వల్ల వచ్చేది. సిగరెట్ జన్మలో ముట్టని ఆడోళ్లకి కూడా వస్తది. కాస్త పొద్దెక్కి తడి ఆరినాక దిగమనండి, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు ఇప్పించండి, మధ్యలో సబ్బుతో చేతులు కడుక్కునే ఏర్పాటు చెయ్యండి. గ్లౌజులకి అయ్యే ఖర్చు ఒక్క రోజు కూలి కూడా కాదు.

ప్రశ్న: నికోటిన్ లేని వేప్ అయితే ఇండియాలో ఓకే కదా? – గూడూరు

జవాబు: కాదు. చట్టంలో నికోటిన్ ఉన్నా లేకున్నా అని స్పష్టంగా రాశారు. ఇ-హుక్కా కూడా అందులోదే.

ప్రశ్న: పొదిలి. వయసు 47. బీడీలు, సిగరెట్లు కలిపి రోజుకి ఇరవై పైనే. మానేద్దామని మెడికల్ షాపులో నికోటిన్ గమ్ కొన్నా, నమిల్తే గొంతు మంట, ఎక్కిళ్లు. ఇది పనిచేసేది కాదని పారేశా. యూకేలో లాగా మనకి కూడా వేప్ ఉంటే బాగుండేది కదా?

జవాబు: ఉంటే బాగుండేదా లేదా అనేది ఢిల్లీలో తేలాల్సిన సంగతి, మీకు ఇప్పుడు చేతిలో ఉన్నది గమ్. దాన్ని పారేసేంత తప్పు అది చెయ్యలా అన్నా, నమిలే పద్ధతి షాపువాడు చెప్పలేదు, అంతే. మనం దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా కసకసా నమిలేస్తాం, నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోద్ది, అందుకే మంట, ఎక్కిళ్లు. మెల్లగా నాలుగైదు సార్లు నమలండి, నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమంటది, అక్కడ ఆపి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, ఈసారి రెండో చెంపలో. ఇట్టా ఒక అరగంట. నోట్లో ఉన్నంతసేపూ, దానికి ముందు ఒక పావుగంటా టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, అవి పడితే నికోటిన్ ఎక్కదు. మనకి సిగరెట్ టీ గ్లాసుతోనే కదా గుర్తొచ్చేది, అందుకని టీ ముందు తాగేసి, పావుగంట ఆగి వేసుకోండి. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తారు. రోజుకి ఇరవై అంటున్నారు కాబట్టి 4 మిల్లీగ్రాములది అవసరం పడొచ్చు, అది డాక్టర్‌కి చూపించుకుని తీసుకోండి. గుండె జబ్బు, బీపీ ఉంటే 2 మిల్లీగ్రాములదైనా అడిగే వేసుకోండి.

సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మ కింద ఒక నంబరు ఉంటది, 1800-11-2356, రోజూ చూసేదే. అది ఊరికే అచ్చేసిన నంబరు కాదు, నిజంగా పొగ మానిపించే హెల్ప్‌లైన్, డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడతారు. రోజుకి ఎన్ని కాలుస్తారని అడుగుతారు. బీడీలతో కలిపి చెప్పండి.